కెనడా నుంచి పాత కారు తెచ్చి అమెరికాలో రిజిస్టర్ చేయించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డెట్రాయిట్, బఫెలో, సియాటిల్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్లలో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు తక్కువేం కాదు. సరిహద్దు దాటితే కెనడా. అక్కడ నచ్చిన కారు కనబడగానే మొదట పుట్టే భయం బోర్డర్ గురించి. నిజానికి బోర్డర్ దగ్గర పని త్వరగానే తెమిలిపోతుంది. కాళ్లరిగేలా తిప్పేది మీ ఊరి డీఎంవీ, అంటే బండ్లు రిజిస్టర్ చేసే రాష్ట్ర ఆఫీసు కౌంటర్. అందుకే కింది జవాబుల్లో కాగితాల గోల కాస్త ఎక్కువే ఉంటుంది.

అమెరికాలోనే ఇన్ని పాత కార్లు దొరుకుతుంటే కెనడా దాకా ఎందుకు పోవాలి?

కెనడా డాలర్ విలువ తక్కువ కాబట్టి ధర చూడగానే చౌక అనిపిస్తుంది. రవాణా, బ్రోకర్ ఫీజు, పెట్రోలు ఖర్చు, సెలవులు అన్నీ కలిపి చూస్తే ఆ చౌకలో చాలా భాగం కరిగిపోతుంది. డబ్బు మిగులుతుందని మాత్రమే పోయేటట్టయితే వద్దనే చెబుతాం. అక్కడ తప్ప దొరకని కారు కోసమైతే పోవాల్సిందే.

1965 జనవరిలో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్, కెనడా ప్రధాని లెస్టర్ పియర్సన్ టెక్సస్‌లోని జాన్సన్ రాంచ్‌లో ఆటో ప్యాక్ట్ అనే కార్ల వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. అప్పటిదాకా రెండు దేశాల మధ్య కార్ల మీద సుంకాలు గట్టిగా ఉండేవి. డెట్రాయిట్ కంపెనీలు కెనడా వాళ్లకు కావలసిన కార్లను కెనడాలోనే కట్టేవి, కొన్నిటికి పేర్లు కూడా వేరే పెట్టేవి. అమెరికాలో షెవీ టూ, నోవా అని అమ్మిన బండికి అక్కడ అకేడియన్ అనే చుట్టం ఉంది. షెవెల్‌కు బోమాంట్ ఉంది. ఫోర్డ్ పికప్‌నే మెర్క్యురీ ఎం-100 అని, డాడ్జ్ ట్రక్కునే ఫార్గో అని అమ్మారు. స్టూడీబేకర్ చివరి కార్లు బయటికొచ్చింది ఇండియానా నుంచి కాదు, ఒంటారియోలోని హామిల్టన్ ఫ్యాక్టరీ నుంచి, 1966 మార్చిలో. వోల్వో 1963లోనే నోవా స్కోషియాలోని డార్ట్‌మత్‌లో కార్లు బిగించడం మొదలుపెట్టింది. డెట్రాయిట్ కార్ల షోలో ఒక మెర్క్యురీ పికప్ నిలబెడితే జనం ఆగి, చుట్టూ తిరిగి చూస్తారు. అమెరికాలో ఆ పేరుతో పికప్ అమ్మనే లేదు మరి.

ఎన్నేళ్ల కారైతే ఇబ్బంది లేకుండా తేవచ్చు?

రెండు శాఖలు, రెండు లెక్కలు. భద్రత సంగతి చూసే ఎన్‌హెచ్‌టీఎస్ఏ లెక్కలో కారు తయారై 25 ఏళ్లు నిండాలి. పొగ సంగతి చూసే ఈపీఏకి 21 ఏళ్లు చాలు, కానీ బండి మొదట వచ్చిన స్థితిలోనే ఉండాలి. 25 నిండినదానికి 21 ఎలాగూ నిండుతుంది కాబట్టి 25 గుర్తుపెట్టుకుంటే చాలు.

ఈ రెండు లెక్కల్లో ఒక తేడా ఉంది. ఈపీఏ సంవత్సరంలోంచి సంవత్సరం తీసేస్తుంది, నెల పట్టించుకోదు. ఎన్‌హెచ్‌టీఎస్ఏ మాత్రం తయారైన నెల దాకా చూస్తుంది. ఆగస్టులో తయారైన బండిని 25వ ఏడాది జూన్‌లో తెస్తే బోర్డర్‌లో ఆపేస్తారు. మోడల్ ఇయర్‌ని బట్టి లెక్కేసుకోకండి. 2001 మోడల్ కారు 2000 సెప్టెంబర్‌లోనే తయారై ఉండొచ్చు. డ్రైవర్ తలుపు అంచున ఉన్న లేబుల్ మీద నెల, సంవత్సరం రాసి ఉంటాయి. కెనడా మార్కెట్ కారైతే ఆ లేబుల్ మీద చిన్న మేపుల్ ఆకు గుర్తు కూడా కనబడుతుంది. కొనేముందు దాని ఫోటో దగ్గర్నుంచి తీసి పంపమని అడగండి. ఆ లేబుల్ చిరిగిపోయిందనో రంగు కింద మాయమైందనో చెబితే, తయారీ తేదీ చూపించే కాగితం ఇంకేదైనా దొరికేదాకా డబ్బు కట్టొద్దు.

25 నిండని కారు తెచ్చే దారి లేదా?

ఉంది. కెనడా ప్రమాణాలు అమెరికావాటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి, ఆ కారు అమెరికా ప్రమాణాలకు కూడా సరిపోతుందని తయారీదారు ఉత్తరం ఇస్తే సొంత వాడకానికి తెచ్చుకోవచ్చు. ఉత్తరం రాకపోతే రిజిస్టర్డ్ ఇంపోర్టర్ అనే లైసెన్సు ఉన్నవాళ్ల ద్వారా తేవాలి, కారు విలువకు ఒకటిన్నర రెట్లు బాండ్ పెట్టాలి. పాత కారు మీద సరదాకి అంత తంతు దేనికి? 23 ఏళ్ల బండి నచ్చితే రెండేళ్లు ఆగండి.

కెనడాలో జపాన్ కార్లు ముందే తిరుగుతున్నాయి కదా, అవి మనకెందుకు రావు?

కెనడాలో ఆ పరిమితి 15 ఏళ్లే. అందుకే నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 లాంటివి వాంకూవర్ వీధుల్లో 2014 నుంచే కనబడుతున్నాయి. 1999లో తయారీ మొదలైన ఆ కారు అమెరికాలోకి రావడానికి 2024 దాకా ఆగాల్సివచ్చింది, అదీ నెల నెలా ఏవి నిండితే అవి. జపాన్ నుంచి ఓడలో తెప్పించుకునే బదులు, కెనడాలో అప్పటికే ఉన్నదాన్ని కళ్లతో చూసి, నడిపి కొనుక్కోవచ్చు. పెద్ద లాభం అదే.

చిక్కు తేదీ దగ్గరే. జపాన్ మార్కెట్ బండ్లకు తలుపు మీద తయారీ నెల ఉన్న లేబుల్ ఉండదు. ఛాసిస్ నంబర్ కూడా 17 అక్షరాలది కాదు. ఆ నంబర్ ఆధారంగా తయారీ నెల తెలిపే పత్రం సంపాదించి దగ్గర పెట్టుకోవాలి. జపాన్ ఎగుమతి సర్టిఫికెట్‌లో ఉండేది అక్కడ మొదటిసారి రిజిస్టరైన నెల, తయారైన నెల కాదు. కుడివైపు స్టీరింగ్‌తో మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

కెనడాలో టైటిల్ ఉండదట, మరి డీఎంవీకి ఏం చూపించాలి?

అమెరికాలోలాగా యాజమాన్యానికి విడిగా టైటిల్ కాగితం అక్కడ ఇవ్వరు. రిజిస్ట్రేషన్ పత్రమే ఆధారం. ఒంటారియోలో దాన్ని వెహికిల్ పర్మిట్ అంటారు. అందులో బండి భాగం, ప్లేటు భాగం అని రెండుంటాయి. అమ్మేవాళ్లు బండి భాగం వెనక సంతకం పెట్టి ఒరిజినల్ మీకివ్వాలి. ప్లేటు మాత్రం వాళ్లే విప్పుకుని ఉంచుకుంటారు, ఎందుకంటే అక్కడ ప్లేటు మనిషికి చెందుతుంది, కారుకు కాదు.

ఒంటారియోలో సొంతదారు నుంచి కొంటే యూజ్డ్ వెహికిల్ ఇన్ఫర్మేషన్ ప్యాకేజీ అనేది అమ్మేవాళ్లే ఇవ్వాలని రూలు. అందులో పాత ఓనర్ల చరిత్ర, అప్పులేమైనా ఉన్నాయా అన్న వివరం, బిల్ ఆఫ్ సేల్ రాసుకునే పేజీ ఉంటాయి. "మనం మనం తెలుగువాళ్లం, ఆ కాగితం దేనికండీ" అన్నా సరే, తీసుకోవాల్సిందే.

క్యుబెక్‌లో కొంటే కాగితాలు ఫ్రెంచిలో వస్తాయి. మీ డీఎంవీ ఇంగ్లిష్ అనువాదం అడుగుతుంది. ముందే చేయించుకుంటే ఒక తిరుగుడు తప్పుతుంది.

బిల్ ఆఫ్ సేల్‌లో ఏం రాయించుకోవాలి?

ధర, అది ఏ దేశపు డాలరో, తేదీ, కారు పేరు, సంవత్సరం, విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) పూర్తిగా, మీటరు ఎంత చూపిస్తోందో, అది మైళ్లా కిలోమీటర్లా, ఇద్దరి చిరునామాలు, సంతకాలు. నోటరీ చేయిస్తే ఇంకా మంచిది.

ఇంకొకటి, మనవాళ్లకు తరచూ తగిలేది. పేరు. మీ డ్రైవింగ్ లైసెన్సు మీద ఇంటిపేరు ముందుండి, పేరు మూడు ముక్కలై, చివర్లో రావు విడిగా ఉంటే, బిల్లు మీద కూడా అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. అమ్మే పెద్దాయన మిమ్మల్ని ఫోన్లో పలకరించే ముద్దు పేరు రాసేసి సంతకం పెడితే, ఆ మనిషీ మీరూ ఒకరేనని కౌంటర్లో నిరూపించుకోవడానికి నానా తంటాలు పడాలి. లైసెన్సు ముందు పెట్టి, చూసి రాయమనండి.

దొంగ బండి కాదని, అప్పు లేదని ఎలా తేల్చుకోవాలి?

కెనడా పోలీసుల సీపీఐసీ వెబ్‌సైట్‌లో విన్ నంబర్ కొట్టి దొంగ బండా కాదా అని ఉచితంగా చూడొచ్చు. అప్పు సంగతి ఏ ప్రావిన్సుకా ప్రావిన్సు రిజిస్ట్రీలో వెతకాలి. క్యుబెక్‌లో దాన్ని ఆర్‌డీపీఆర్ఎం అంటారు. కారు ఈమధ్యే వేరే ప్రావిన్సు నుంచి వచ్చిందంటే అక్కడ కూడా వెతకండి.

ఆ తర్వాత విన్ పలక చూడండి. 17 అక్షరాల విన్ 1981 మోడళ్ల నుంచి వచ్చింది, అంతకుముందువి పొట్టివి. 1968కి ముందు చాలా కార్లలో అది డాష్‌బోర్డు మీద కనబడదు. తలుపు సందులోనో, స్తంభం మీదో రివెట్లతో బిగించి ఉంటుంది. రివెట్లు కొత్తగా మెరుస్తున్నా, పలక చుట్టూ రంగు వేరుగా ఉన్నా నమస్కారం పెట్టి వచ్చేయండి.

చూడ్డానికి వెళ్తే ముందు ఎక్కడ చూడాలి?

కింద. ఒంటారియో, క్యుబెక్ రోడ్ల మీద చలికాలమంతా ఉప్పు చల్లుతారు. పైన రంగు అద్దంలా ఉన్నా కింద ఫ్రేము బిస్కెట్‌లా విరిగే బండ్లు ఉంటాయి. ఒక చిన్న అయస్కాంతం, దానికి చుట్టడానికి మెత్తటి గుడ్డ, ఒక స్క్రూడ్రైవర్, టార్చి జేబులో వేసుకుని వెళ్లండి. వెనక చక్రాల పైన వంపు, తలుపుల కింద అంచు, డిక్కీలో కార్పెట్ ఎత్తితే కనబడే స్టెప్నీ గుంట, యాక్సిల్ పైన ఫ్రేము వంగే చోటు. ఈ నాలుగు చోట్లా అయస్కాంతం అంటుకోవాలి. అంటుకోకుండా జారిపోతే అక్కడ ఉన్నది ఇనుము కాదు, పుట్టీ.

ఒక మంచి గుర్తు చెబుతాం. తలుపు తెరిచి దాని అంచు చూడండి. చిటికెన వేలి గోరంత నల్ల ప్లాస్టిక్ బిరడాలు వరసగా కనబడితే, ఎవరో బాధ్యతగా ఏటేటా తుప్పు పట్టకుండా లోపలికి నూనె కొట్టించారన్నమాట. ఆ నూనె కొట్టడానికి చేసిన రంధ్రాలవి. తలుపు కింద నీళ్లు కారే చిల్లుల దగ్గర జిడ్డు నల్లగా అంటుకుని ఉంటుంది, చేతికి అంటుతుంది, ప్యాంటుకీ అంటుతుంది. అసహ్యంగా ఉన్నా అది శుభవార్తే. అమ్మేముందు కింద అంతా కొత్తగా నల్ల తారు పూసిన బండిని మాత్రం అనుమానించండి.

ముందు గ్రిల్‌లోంచి ఒక కరెంటు ప్లగ్గు వేలాడుతుంటే కంగారుపడొద్దు. అది బ్లాక్ హీటర్ వైరు. రాత్రంతా గోడ సాకెట్‌కు తగిలిస్తే పొద్దున ఇంజిన్ గడ్డకట్టకుండా స్టార్ట్ అవుతుంది.

బ్రిటిష్ కొలంబియా తీరం బండ్లకు ఉప్పు బాధ తక్కువ. ఆల్బర్టా, సస్కాచువాన్ పొడి ప్రాంతాలు. తుప్పు తక్కువే గానీ కంకర రోడ్ల పుణ్యమా అని అద్దం మీద, బానెట్ మీద రాళ్ల దెబ్బలుంటాయి.

కెనడా పాంటియాక్ అంటే లోపల షెవర్లే అంటారు, నిజమేనా?

నిజమే. 1960ల నాటి పరిసియెన్, లారెన్షియన్ పైకి పాంటియాక్‌లా ఉంటాయి గానీ కింద షెవర్లే ఛాసిస్, షెవర్లే ఇంజిన్. బండి నడిపించే విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. క్రోమ్ పట్టీలు, పేరు బిళ్లలు, డాష్‌బోర్డు ముక్కలు మాత్రం కెనడాకే ప్రత్యేకం, వాటి కోసం ఏళ్లు వెతకాలి. కాబట్టి ఇంజిన్ పాడైన బండి కొన్నా పర్వాలేదు, పట్టీలు పోయిన బండి కొనొద్దు. మామూలుగా కారు కొనేటప్పటి తెలివికి ఇది పూర్తిగా తలకిందులు.

అమెరికాలో కొందరు ఇలాంటివాటిని నకిలీ అనుకుంటారు. కెనడాలో అమ్మిన తన కార్ల పాత ఫ్యాక్టరీ రికార్డులను జనరల్ మోటార్స్ కెనడా భద్రపరిచింది. ఆ రికార్డుల నుంచి తీసిన పత్రాలు బండితోపాటు వస్తే విలువ పెరుగుతుంది, నోళ్లు మూతపడతాయి.

ఇంజిన్ మార్చిన బండైతే?

ఈపీఏ మినహాయింపు మార్పులు లేని బండికే. అదే రకం ఇంజిన్ వేసి ఉంటే గొడవ లేదు. సంబంధం లేని ఇంకేదో ఇంజిన్ దించి ఉంటే ఆ 21 ఏళ్ల దారి మూసుకుపోతుంది. "రెస్టోమాడ్" (పాత బండికి కొత్త భాగాలు వేసినది) అని ప్రకటన కనబడగానే ముందు ఈ ప్రశ్న అడగండి.

హెచ్-1బి మీద ఉన్నాను. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది. కెనడా వెళ్లి రావచ్చా?

కారు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వెళ్లడానికి విజిటర్ వీసా కావాలి. అమెరికా గ్రీన్‌కార్డు ఉంటే ఆ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు చూపిస్తే చాలు.

తిరిగి రావడానికి ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. స్టాంపు గడువు అయిపోయినా, ఐ-94 చెల్లుబాటులో ఉండి, కెనడాలో గడిపింది 30 రోజుల లోపే అయితే దాని మీద లోపలికి రావచ్చు. ఒక్క మెలిక ఉంది. పనిలో పనిగా అక్కడి కాన్సులేట్‌లో కొత్త స్టాంపింగ్‌కు అప్లై చేశారంటే ఈ వెసులుబాటు పోతుంది. ఐ-797 కాగితం, ఈమధ్య పే స్లిప్పులు దగ్గర పెట్టుకోండి. ఇమిగ్రేషన్ నియమాలు ఈమధ్య మాటిమాటికీ మారుతున్నాయి కాబట్టి బయల్దేరే వారమే మీ కంపెనీ లాయర్‌కు ఒక మెయిల్ పెట్టండి. రిస్కు అనిపిస్తే మీరు కదలకుండా రవాణా కంపెనీతో, బ్రోకర్‌తో తెప్పించుకోవచ్చు. కారు కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకోవద్దు.

రెండు మూడు తెచ్చి లాభానికి అమ్ముకోవచ్చా?

హెచ్-1బి మీద ఉండి అది వ్యాపారంలా చేస్తే అనుమతి లేని పని కిందికి వస్తుంది. పౌరులకైనా ఏడాదికి ఇన్ని బండ్లు దాటి అమ్మితే డీలర్ లైసెన్సు కావాలని రాష్ట్రాలు పరిమితి పెట్టాయి.

కొన్న బండిని నడుపుకుంటూ రావచ్చా?

ప్లేటు పాత ఓనర్ విప్పుకున్నాడు, మీ పేరున ఇంకా రిజిస్టర్ కాలేదు, ఇన్సూరెన్సు ఉందో లేదో తెలియదు. ఆ పరిస్థితిలో ఒంటారియో 401 హైవే మీద నలభై ఏళ్ల కారు నడపడం ఏం సరదా? ట్రెయిలర్ మీదో, ఫ్లాట్‌బెడ్ మీదో తెచ్చుకోండి. ట్రెయిలర్‌తో వస్తే డెట్రాయిట్-విండ్సర్ సొరంగం వైపు పోకండి, వంతెన పట్టుకోండి. విండ్సర్ దగ్గర అంబాసిడర్ బ్రిడ్జి, సార్నియా దగ్గర బ్లూ వాటర్ బ్రిడ్జి, బఫెలో వైపు పీస్ బ్రిడ్జి, వాంకూవర్ నుంచైతే బ్లెయిన్.

ఎక్కించే ముందు కింది భాగం నీళ్లతో గట్టిగా కడిగించండి. మట్టి అంటుకుని ఉంటే అమెరికా కస్టమ్స్ ఒప్పుకోదు, పరాయి నేల పురుగులు, విత్తనాలు వస్తాయని.

బోర్డర్ దగ్గర ఏం జరుగుతుంది?

బూత్‌లో ఉన్న ఆఫీసర్‌కు "కారు ఇంపోర్ట్ చేసుకుంటున్నాను" అని మొదటి మాటగానే చెప్పండి. లోపలికి పంపుతారు. మీరిచ్చే ఫారాలు ముఖ్యంగా రెండు. ఎన్‌హెచ్‌టీఎస్ఏది హెచ్ఎస్-7, అందులో 25 ఏళ్లు దాటిన బండి అన్న మొదటి గడి టిక్ పెట్టాలి. ఈపీఏది 3520-1, అందులో కోడ్ ఈ. రెండూ ఇంట్లోనే నింపి ప్రింటు తీసుకెళ్లండి. కస్టమ్స్ వాళ్లు 7501 అనే ఎంట్రీ ఫారం తయారుచేస్తారు.

విలువ 2500 డాలర్లు దాటితే ఫార్మల్ ఎంట్రీ, దానికి బాండ్ కావాలి. అందుకే చాలామంది కస్టమ్స్ బ్రోకర్‌ని పెట్టుకుంటారు. సొంత వాడకపు కారుకు కొన్ని పోర్టుల్లో ఆఫీసర్లే పని కానిచ్చేస్తారు, కొన్నిచోట్ల బ్రోకర్ లేనిదే ముట్టుకోరు. మీరు దాటబోయే పోర్టుకు ముందురోజు ఫోన్ చేసి అడగండి, కార్గో ఆఫీసు వేళలు కూడా కనుక్కోండి. ఆదివారం సాయంత్రం ట్రెయిలర్‌తో వెళ్లి నిలబడితే సోమవారం రమ్మనొచ్చు.

అక్కడ్నుంచి కదిలేముందు 7501 మీద స్టాంపు పడిందో లేదో చూసుకోండి. ఆ ఒక్క కాగితం లేకపోతే డీఎంవీలో పని ముందుకు కదలదు. తర్వాత కాపీ తెప్పించుకోవడం పెద్ద ప్రహసనం.

డ్యూటీ ఎంత పడుతుంది?

మామూలు కారుకు 2.5 శాతం. 20,000 డాలర్ల బండికి 500 డాలర్లు. ప్రాసెసింగ్ ఫీజు 0.3464 శాతం అదనం, దానికి కనిష్ఠం, గరిష్ఠం ఉంటాయి. అమెరికాలోనే తయారై ఒకప్పుడు కెనడాకు అమ్ముడుపోయిన కారు తిరిగొస్తుంటే, సొంతగడ్డ సరుకు కింద డ్యూటీ లేకుండా అడగొచ్చు. 1981 తర్వాతి బండ్లలో విన్ మొదటి అక్షరం 1, 4 లేదా 5 అయితే అమెరికా, 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో. అయితే కెనడాలో పూర్తిగా రీస్టోర్ చేయించి విలువ పెంచిన బండికి ఆ మినహాయింపు చిక్కవుతుంది.

2025 ఏప్రిల్‌లో కార్ల మీద వేసిన 25 శాతం అదనపు సుంకం నుంచి 25 ఏళ్లు దాటిన బండ్లను మినహాయించారు. సుంకాల విషయం మాత్రం అప్పట్నుంచి ఊగిసలాడుతూనే ఉంది. డబ్బు పంపే రోజునే బ్రోకర్‌ని ఇవాళ్టి లెక్క అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

పికప్ ట్రక్కుకు కూడా 2.5 శాతమేనా?

కాదు, 25 శాతం. 1964లో కోడిమాంసం మీద యూరప్‌తో వచ్చిన తగువులో అమెరికా వేసిన సుంకం అది, ఇప్పటికీ వదల్లేదు. 20,000 డాలర్ల మెర్క్యురీ పికప్ మీద 5,000 అవుతుంది. కెనడాలోనే తయారైందని వాణిజ్య ఒప్పందం కింద రుజువు చేయగలిగితే తగ్గించుకోవచ్చు. పాత బండికి ఆ రుజువు తేవడం తేలిక కాదు. కారుకైతే 2.5 శాతం కట్టేసి ఊరుకోండి. ట్రక్కుకు మాత్రం బ్రోకర్ ఫీజు పెట్టడం దండగ కాదు.

డీఎంవీకి ఏమేం పట్టుకెళ్లాలి?

కెనడా రిజిస్ట్రేషన్ ఒరిజినల్, బిల్ ఆఫ్ సేల్, స్టాంపు పడిన 7501, హెచ్ఎస్-7, 3520-1 కాపీలు, లైసెన్సు, ఇన్సూరెన్సు. చాలా రాష్ట్రాల్లో విన్ తనిఖీ కూడా ఉంటుంది, ఎవరు చేయాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో పోలీసు శాఖ తరఫున తనిఖీ చేసి వీటీఆర్-68-ఏ ఫారం ఇస్తారు. దాన్ని 130-యూ దరఖాస్తుతో కలిపి కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో ఇవ్వాలి. సేల్స్ ట్యాక్స్ అక్కడ 6.25 శాతం, మిషిగన్‌లో 6 శాతం.

కౌంటర్లో ఉన్నవాళ్లకు ఇలాంటి బండ్లు రోజూ రావు. కంప్యూటర్ 17 అక్షరాల విన్ అడుగుతుంది, మీ దగ్గర పదకొండో, పదమూడో ఉంటాయి. "టైటిల్ ఎక్కడ?" అంటారు. కోపం తెచ్చుకోకుండా సూపర్‌వైజర్‌ని పిలవమని అడగండి. కెనడాలో టైటిల్ ఇవ్వరని, రిజిస్ట్రేషనే యాజమాన్య పత్రమని మీ రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఉంటే ఆ పేజీ ప్రింటు తీసి చూపించండి. వాదన కంటే ప్రింటు త్వరగా పనిచేస్తుంది.

ఇదంతా కారు కొనకముందే ఒకసారి వెళ్లి అడగడం మేలు. ఫోటోకాపీలు చూపించి, "ఇవి తెస్తే చేస్తారా, ఇంకేం కావాలి" అని కనుక్కోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. కొన్న తర్వాత ఒక సంతకం తక్కువైందని తేలితే, ఆ సంతకం పెట్టాల్సిన మనిషి విన్నిపెగ్‌లో ఉంటాడు, ఫోన్ ఎత్తడు.

కాగితాలు అతకకపోతే టెక్సస్ సహా కొన్ని రాష్ట్రాల్లో బాండెడ్ టైటిల్, అంటే బాండ్ పెట్టి టైటిల్ తీసుకునే దారి ఉంది. వెర్మాంట్ నుంచి పోస్టులో రిజిస్ట్రేషన్ తెప్పించుకునే పాత చిట్కా ఇప్పుడు పనికిరాదు, 2023లో బయటి రాష్ట్రాల వాళ్లకు ఆ తలుపు మూసేశారు.

కాలిఫోర్నియాలో ఉంటున్నాను. నాకూ ఇంతేనా?

కాదు. ఫెడరల్ నియమాలు దాటినా అక్కడ కార్బ్ అనే గాలి శాఖ ఉంది. 1975, అంతకుముందు మోడళ్లకు బెంగ లేదు. 1976 నుంచి వచ్చినవి అమెరికా మార్కెట్‌కు తయారైనవి కాకపోతే ల్యాబ్‌లో పరీక్ష చేయించి, మార్పులు చేయించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ ఖర్చు ఒక్కోసారి బండి ధరను మించుతుంది. బే ఏరియాలో ఉండి కెనడా కారు మీద మనసు పడితే 1975కి ఇవతల అడుగుపెట్టకండి.

యాంటిక్ ప్లేటు తీసుకోవాలా, మామూలు ప్లేటా?

ఎంత నడుపుతారన్నదాన్ని బట్టి. టెక్సస్‌లో యాంటిక్ ప్లేటు వేస్తే షోలకు, పరేడ్లకు, క్లబ్బు పనులకే వాడాలి, రోజూ ఆఫీసుకు వేసుకెళ్లకూడదు. అక్కడే క్లాసిక్ ప్లేటు తీసుకుంటే ఏటా రిజిస్ట్రేషన్ కడుతూ మామూలుగా నడుపుకోవచ్చు. న్యూజెర్సీలో 25 ఏళ్లు దాటితే హిస్టారిక్ ప్లేటు, వాడకానికి అక్కడా పరిమితులున్నాయి.

ఇన్సూరెన్సు?

మామూలు పాలసీలో పాత కారు విలువ ఏటా తగ్గిపోతుంది. కలెక్టర్ కార్ల పాలసీలో ముందే ఒక విలువ ఒప్పుకుంటారు, పూర్తిగా పోతే ఆ మొత్తం ఇస్తారు. రోజువారీకి ఇంకో కారు ఉండాలి, ఇది గరాజ్‌లో ఉండాలి అని షరతులుంటాయి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెట్టేవాళ్లకు అక్కడే చిక్కు వస్తుంది.

మీటరు కిలోమీటర్లలో ఉంది. మార్చాలా?

25 ఏళ్లు దాటిన బండికి మార్చక్కర్లేదు. కెనడా రోడ్డు బోర్డులు కిలోమీటర్లలోకి మారింది 1977లో, కాబట్టి అంతకుముందు బండ్లు మైళ్లలోనే ఉంటాయి. దరఖాస్తులో మాత్రం ఏ లెక్కో స్పష్టంగా రాయండి. 80,000 కిలోమీటర్లంటే 49,700 మైళ్లు. రాయకపోతే 80,000 మైళ్లుగా ఎక్కిస్తారు, అమ్మేటప్పుడు అది మీ నెత్తిన పడుతుంది.

ఇదే పద్ధతిలో ఇండియా నుంచి తాతగారి అంబాసిడర్ తెచ్చుకోవచ్చా? ఇక్కడి కారును హైదరాబాద్ తీసుకెళ్లొచ్చా?

అంబాసిడర్ విషయంలో అమెరికా వైపు లెక్క ఇదే, 25 ఏళ్లు, 21 ఏళ్లు. ట్రెయిలర్ బదులు ఓడ. అటు తీసుకెళ్లడం మాత్రం పూర్తిగా వేరే వ్యవహారం. వాడిన కార్ల దిగుమతి మీద అక్కడ ఆంక్షలు గట్టివి. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటినవే. వాటికి వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబర్ ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. రోజూ తిప్పడానికి వీల్లేదు.

ఏ కాలంలో తెచ్చుకుంటే మంచిది?

అక్టోబర్‌లో బేరం బాగా కుదురుతుంది. చలికాలం గరాజ్‌లో చోటు లేక అమ్మేవాళ్లు దిగుతారు. మంచు పడ్డాక మాత్రం తెరిచిన ట్రెయిలర్ మీద తేకండి, దారి పొడవునా ఉప్పు నీళ్లు చిమ్ముతాయి. నవంబర్ దాటితే మూసి ఉన్న ట్రెయిలర్ మాట్లాడుకోండి, లేదా బయానా ఇచ్చి వసంతం దాకా అక్కడే ఉంచమని అడగండి. ఏప్రిల్‌లో రెండు మంచి వానలు పడి రోడ్లు కడిగాక తెచ్చుకోవచ్చు.

డెట్రాయిట్ దగ్గర ట్రాయ్, నోవై, కాంటన్ వైపు ఉండేవాళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు. ఆ రోజుకు ప్లేటు బిగించి రోడ్డెక్కాలనుకుంటే మే నెలకల్లా బండి ఇటువైపు ఉండాలి. విన్ తనిఖీకి, కౌంటర్ చుట్టూ తిరగడానికి, పాత రబ్బరు పైపులు, బ్రేకులు, టైర్లు మార్పించుకోవడానికి ఆ మూడు నెలలూ సరిపోతాయి.